హైపో పెంచితే పోయే లిస్టీరియా కాదిది

ప్రశ్న: భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్యూసీ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మొదట్నుంచీ మాది పచ్చి రొయ్యే. హెడ్‌లెస్, పీల్డ్ చేసి బ్లాకులు, ఐక్యూఎఫ్ (ఒక్కో రొయ్యను విడిగా గడ్డకట్టించినవి) పంపేవాళ్లం. ఎగుమతి కోసం ఈమధ్యే ఉడికించిన రొయ్యల లైన్ మొదలుపెట్టారు. అప్పటినుంచీ కుక్కర్ తర్వాత రొయ్యలు చల్లబడి ఐక్యూఎఫ్‌లోకి వెళ్లే బెల్టు దగ్గర స్వాబ్ (తుడిచి తీసే నమూనా) తీస్తే లిస్టీరియా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా వస్తోంది. గట్టిగా క్లీనింగ్ చేయించి, హైపో (సోడియం హైపోక్లోరైట్, క్లోరిన్ మందు) కొట్టించి మళ్లీ తీస్తే నెగెటివ్. కొన్నాళ్లకి అదే చోట మళ్లీ పాజిటివ్. హైపో 200 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) నుంచి 400కి పెంచాం. మధ్యలో క్వాట్‌కి (క్వాటర్నరీ అమోనియం రకం శానిటైజర్‌కి) మారి చూశాం. మాకు కెమికల్స్ సప్లై చేసే ఆయన "మీ ప్లాంటులో బ్యాక్టీరియా రెసిస్టెంట్ అయిపోయింది, మందు మార్చాలి" అని ఖరీదైన కొత్తదేదో చూపిస్తున్నాడు. మా మేనేజర్ గారు కొనేద్దామంటున్నారు. ఇంకోపక్క చేతులు ముంచే నీళ్లలో కూడా హైపో పెంచడంతో పీలింగ్‌లో ఆడవాళ్లు మంటలని గొడవ చేస్తున్నారు. నిజంగానే బ్యాక్టీరియా హైపోకి అలవాటుపడిపోతుందా? కొత్త కెమికల్ కొనమంటారా? టెన్షన్‌గా ఉంది, సలహా ఇవ్వండి.
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: ఇప్పుడే కొనకండి. ఆ డబ్బుతో ముందు ఒక మంచి ఫిట్టర్‌ని పిలిపించి, ఆ బెల్టును పూర్తిగా విప్పించండి. ఎందుకంటున్నానో చెబుతాను.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట "అదే చోట మళ్లీ". బ్యాక్టీరియా నిజంగా మందుకు లొంగనిదైతే, క్లీనింగ్ అయిన వెంటనే తీసిన స్వాబ్ కూడా పాజిటివ్ రావాలి. పైగా ఒక్క బెల్టుకే పరిమితం కాదు, అదే మందు వాడుతున్న నాలుగైదు చోట్ల కనిపించాలి. మీ దగ్గర జరుగుతున్నది వేరు. మందు తగిలిన చోట చస్తోంది. తగలని చోటు ఎక్కడో ఉంది, అక్కడినుంచి మళ్లీ బయటికొస్తోంది. అంటే మీరు వెతకాల్సింది గట్టి మందును కాదు, ఆ చోటును.

తగలని చోట ఉన్నది బయోఫిల్మ్. పళ్లమీద పట్టే పాచి, నీళ్ల తొట్టి గోడకు పట్టే జిగట పాకుడు, అన్నీ ఆ జాతే. బ్యాక్టీరియా తడి ఉపరితలం మీద అతుక్కుని, తన చుట్టూ చక్కెరలతో, ప్రొటీన్లతో, చచ్చిన కణాల నుంచి వచ్చిన డీఎన్‌ఏతో జిగురు అల్లుకుని అందులో కాపురం పెడుతుంది. ఆ జిగురులో ఎక్కువ భాగం నీళ్లే అయినా, లోపలున్న వాటికి అది పెద్ద రక్ష. ఈ సంగతి మనిషి కంటపడి మూడు వందల ఏళ్లు దాటింది. పదిహేడో శతాబ్దం చివర్లో హాలండ్‌లో లీవెన్‌హుక్ తన పళ్ల పాచిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. వెనిగర్‌తో పళ్లు కడుక్కున్నా పాచి పైపొరలో ఉన్న జీవులే చచ్చాయని, వెనిగర్ లోపలిదాకా పోలేదని రాసుకున్నాడు. మీ ప్లాంటులో వెనిగర్ బదులు హైపో ఉంది, అంతే తేడా.

హైపో విషయంలో ఇంకో చిక్కుంది. క్లోరిన్ దేన్ని తాకితే దానితో చర్య జరిపి ఖర్చయిపోతుంది. రొయ్య ప్రొటీన్, కొవ్వు, బ్యాక్టీరియా జిగురు అన్నీ దానికి సమానమే. పైపొరతో పోరాడేసరికే దాని బలం అయిపోతుంది. లోపలికి చేరే కాస్తా నిద్రాణంగా, పెరగకుండా పడున్న కణాలను తాకుతుంది. అలా మందకొడిగా ఉన్నవి ఏ మందుకైనా తొందరగా చావవు. అందుకే విడిగా నీళ్లలో తేలే బ్యాక్టీరియాను క్షణాల్లో చంపే మోతాదు, అదే బ్యాక్టీరియా పాచిలో ఉన్నప్పుడు పదుల రెట్లు పెంచినా చాలకపోవచ్చు. పైగా ఆ పాచిలో లిస్టీరియా ఒక్కటే ఉండదు. ఫుడ్ ప్లాంట్లలో క్లీనింగ్ తర్వాత కూడా మిగిలిపోయే వాటిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ముందుంటుంది. జిగురు తయారుచేయడంలో దానిది పెద్ద చెయ్యి. అది కట్టిన ఇంట్లో లిస్టీరియా అద్దెకుంటుంది.

ఇప్పుడు మీ సప్లయర్ మాటకొద్దాం. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. క్వాట్‌ల విషయంలో నిజంగానే జన్యువులున్నాయి. కొన్ని లిస్టీరియా రకాల్లో బీసీఆర్‌ఏబీసీ, క్యూఏసీహెచ్ అనే జన్యువులు దొరికాయి. లోపలికి వచ్చిన బెంజాల్కోనియం క్లోరైడ్‌ను (అదొక క్వాటే) పంపులాగా బయటికి తోసేయడం వీటి పని. ఇవి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకగలవు కూడా. కానీ అంకెలు చూడండి. ఈ జన్యువులున్నవి కూడా లీటరుకు పది, ఇరవై మిల్లీగ్రాముల దరిదాపుల్లో తట్టుకుంటాయి, లేనివి అందులో నాలుగో వంతుకో ఇంకా తక్కువకో లొంగుతాయి. క్వాట్‌ను సాధారణంగా వాడేది 200 పీపీఎం దరిదాపుల్లో, అంటే లీటరుకు 200 మిల్లీగ్రాములు. సరిగ్గా కలిపి, శుభ్రంగా ఉన్న స్టీలు మీద చెప్పినంతసేపు ఉంచితే జన్యువున్నదీ పోతుంది, లేనిదీ పోతుంది.

మరి ఆ జన్యువు ఎక్కడ పనికొస్తుంది? మందు పలచబడిపోయిన చోట. కడిగిన నీళ్లు నిలిచిన గుంటలో, బోల్టు మరల్లో, డ్రైన్ మూలలో 200 కాస్తా 10 అయిపోతుంది. అక్కడ జన్యువున్నది బతికిపోతుంది, లేనిది చస్తుంది. అలా కొన్నాళ్లకు ప్లాంటులో జన్యువున్నవే మిగులుతాయి. రెసిస్టెన్స్ అనేది ఎక్కువసార్లు సరిగా చెయ్యని క్లీనింగ్‌కి ఫలితమే తప్ప, మొదటి కారణం కాదు. ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి తిష్టవేసిన లిస్టీరియా మీద పరిశోధకులు చాలాకాలం ఒక ప్రత్యేక లక్షణం కోసం వెతికారు. అన్ని సందర్భాలకూ సరిపోయే లక్షణమేదీ దొరకలేదు. తిరిగి తిరిగి తేలిందల్లా ఒకటే, అది దాక్కోవడానికి చీకటి, తడి, తిండి ఉన్న ఒక మూల దొరికింది.

క్లోరిన్‌తో అసలు ఇలాంటి జన్యువు ఒక్కటి సంపాదించి గట్టెక్కడం కష్టం. అది కణంలో ఒక చోట కాక చాలా చోట్ల ఒకేసారి దెబ్బ కొడుతుంది. కాబట్టి "హైపోకి అలవాటుపడిందా" అన్న మీ ప్రశ్నకు నా జవాబు, దాదాపు లేదు అనే. ఇంకోమాట, కెమికల్ మార్చడం అంటే లోపలి మందు మారాలి. డబ్బా రంగు, కంపెనీ పేరు మారి లోపల మళ్లీ అదే క్వాటే అయితే అది మార్పు కాదు. ఆయన చూపిస్తున్న డబ్బా లేబుల్ వెనక్కి తిప్పి ఆక్టివ్ ఇన్‌గ్రీడియెంట్ చదవండి. బెంజాల్కోనియం క్లోరైడ్ అనో, డైడెసైల్ డైమిథైల్ అమోనియం క్లోరైడ్ అనో ఉంటే మీరు ఇంతకుముందు వాడి చూసిందే అది.

ఈ విషయాన్ని ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే, లిస్టీరియా తిష్ట వేస్తే ఎంతకాలం ఉండగలదో చూపించే కేసు ఒకటుంది. అమెరికాలో టెక్సస్‌లోని ఒక టర్కీ మాంసం ప్లాంటు నుంచి వచ్చిన తిండివల్ల 1988లో ఒక మనిషి జబ్బుపడ్డారు. మళ్లీ 2000లో చాలా రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు. రెండుసార్లూ దొరికిన లిస్టీరియాను పోల్చి చూస్తే ఒకటే రకం. పన్నెండేళ్లు. ఆ మధ్యలో ఆ ప్లాంటును ఎన్నిసార్లు కడిగి ఉంటారో ఊహించుకోండి. ఇక 2017–18లో దక్షిణాఫ్రికాలో పొలోనీ అనే రెడీ టు ఈట్ మాంసం ద్వారా వెయ్యిమందికి పైగా జబ్బుపడి, రెండు వందలమందికి పైగా చనిపోయారు. ప్రపంచంలో ఇప్పటిదాకా నమోదైన లిస్టీరియా ఉపద్రవాల్లో అదే పెద్దది.

మీరు పచ్చి రొయ్య పంపినంతకాలం ఇంత భయం లేదు. కొన్నవాళ్లు ఉడికించుకుంటారు, ఉడికితే లిస్టీరియా చస్తుంది. ఉడికించిన రొయ్యను మాత్రం కరగబెట్టి అలాగే సలాడ్‌లో వేసుకుని తింటారు. మీ కుక్కర్ దాటాక బ్యాక్టీరియాను చంపే మెట్టు ఇంకోటి లేదు. ఫ్రీజింగ్ దాన్ని ఆపుతుందే తప్ప చంపదు. ఫ్రిజ్ చలిలో కూడా నిదానంగా పెరగగల మొండిది అది. గర్భిణుల కడుపులోని బిడ్డకు, ముసలివాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ప్రాణాంతకం కావచ్చు. తినడానికి సిద్ధంగా ఉన్న సరుకులో లిస్టీరియా కనబడితే అమెరికా అసలు ఒప్పుకోదు. కాబట్టి మీ లైన్ మారినప్పుడే మీ ప్లాంటు ఆలోచన కూడా మారాల్సింది. చాలా చోట్ల కుక్కర్ కొంటారు గానీ, పచ్చి వైపు అలవాట్లనే ఉడికిన వైపు కొనసాగిస్తారు.

సరే, వెతకడం ఎలా?

ముందు స్వాబ్ తీసే వేళ మార్చండి. హైపో కొట్టి ఆరీ ఆరకముందే తీస్తే అది నెగెటివ్ రావడంలో వింత లేదు. పాచి పైపొర చచ్చి ఉంటుంది, లోపలిది బయటికి రాదు. ఉత్పత్తి మొదలై కనీసం మూడు నాలుగు గంటలయ్యాక తీయండి. బెల్టు తిరిగీ తిరిగీ, అదురుకీ, నీటి చెమ్మకీ సందుల్లో ఉన్నది అప్పుడు బయటికొస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా లిస్టీరియా కోసం చూసేవాళ్లకు ఇలాగే ఉత్పత్తి నడుస్తుండగా తీయమనే చెబుతుంది. రెండోది, మీ స్వాబ్ ఏ ద్రవంలో ఉంది? మామూలు సెలైనో, పెప్టోన్ నీళ్లో అయితే, స్వాబ్‌తోపాటు వచ్చిన హైపో లేదా క్వాట్ ల్యాబ్‌కి వెళ్లేదాకా ఆ గొట్టంలోనే బ్యాక్టీరియాను చంపుతూ ఉంటుంది. రిపోర్టు నెగెటివ్ వస్తుంది, ప్లాంటు మాత్రం అలాగే ఉంటుంది. ఆ ద్రవంలో మందుకు విరుగుడు ఉండాలి, క్లోరిన్‌కు సోడియం థయోసల్ఫేట్, క్వాట్‌కు లెసిథిన్, ట్వీన్. ఇవన్నీ కలిసిన డే ఎంగ్లీ బ్రాత్ దొరుకుతుంది, అది అడగండి. మీరు చూసిన ఆ నెగెటివ్‌లలో కొన్ని ఇలాంటి ఉత్తుత్తి నెగెటివ్‌లు కావచ్చు.

స్వాబ్‌తో బెల్టు పైభాగం తుడిచి ఊరుకోకండి. పైభాగం అందరూ కడుగుతారు. స్పాంజిలాంటి పెద్ద స్వాబ్ తీసుకుని, గట్టిగా రుద్ది, కనబడని చోట్లకు వెళ్లండి. మాడ్యులర్ ప్లాస్టిక్ బెల్టు అయితే ముక్కల మధ్య కీలు, ఆ కీలులో పోయే రాడ్. స్ప్రాకెట్ (బెల్టును తిప్పే పళ్ల చక్రం) లోపలి బొక్క. రోలర్ రెండు చివర్లు, ముఖ్యంగా రోలర్ లోపల గుల్లగా ఉంటే. గుల్ల రోలర్‌కు ఎక్కడో సన్నని చీలిక వచ్చి ఉంటుంది, లోపలికి నీళ్లు పోయి ఉంటాయి, అది తిరుగుతున్నంతసేపూ ఆ నీళ్లు చుక్కలుగా బెల్టు మీద పడుతుంటాయి. ఇలాంటి రోలర్‌ను మీరు వెయ్యి పీపీఎం హైపోతో స్నానం చేయించినా లోపలికి సరిపడా పోదు. కన్వేయర్ కాళ్లు గుల్ల పైపులైతే వాటి అడుగు, ఎత్తు సరిచేసే మరల దగ్గర. టేప్ చుట్టి, తాడు కట్టి తాత్కాలికంగా సరిచేసిన చోట్లు ఏవైనా సరే. గ్యాస్కెట్‌లు, బెల్టు అంచులకు పెట్టిన తెల్ల ప్లాస్టిక్ పట్టీలు, వాటికీ స్టీలుకీ మధ్య సందు. సరిగా నునుపు చెయ్యని వెల్డింగ్ గీతలు. ఆన్ ఆఫ్ స్విచ్ బటన్ చుట్టూ ఉండే రబ్బరు, మోటారు కింద నూనె, నీళ్లు కలిసి నిలిచే పళ్లెం.

ఐక్యూఎఫ్ నోటి దగ్గర ప్రత్యేకంగా చూడండి. ఫ్రీజర్ నడుస్తున్నంతసేపు అక్కడ బ్యాక్టీరియా పెరగదు. డీఫ్రాస్ట్ చేసినప్పుడే దానికి పండగ. లోపలి మంచు కరిగి, రొయ్య తునకలు కలిసిన నీళ్లు కాయిల్ కింద పళ్లెంలోకి, అక్కడినుంచి డ్రైన్‌లోకి పోతాయి. ఆ పైపు సగం మూసుకుపోయి ఉంటే నీళ్లు ఎక్కడో నిలుస్తాయి. పైకప్పు మీద, చల్లటి పైపుల మీద చెమర్చి కారే చుక్కలు ఎక్కడ పడుతున్నాయో తలెత్తి చూడండి. ఉడికిన రొయ్య మీద పడుతుంటే మిగతావన్నీ తర్వాత, ముందు అది ఆపాలి.

డ్రైన్ పాజిటివ్ వస్తే ఆశ్చర్యపోవద్దు, చాలా ప్లాంట్లలో వస్తుంది. ప్రమాదం డ్రైన్‌లో లిస్టీరియా ఉండటం కాదు, అది డ్రైన్ నుంచి బెల్టు మీదికి ఎక్కడం. దాన్ని ఎక్కించేది మనమే, ప్రెషర్ పైపుతో. డ్రైన్ మీద ఒక్కసారి ప్రెషర్ కొడితే సన్నటి తుంపర గాలిలో లేచి మనిషెత్తు దాకా పోయి, కడిగిన యంత్రం మీద కూర్చుంటుంది. ఉడికిన వైపు ప్రెషర్ గన్‌లు తీసేయించండి. తక్కువ ఒత్తిడి నీళ్లు, ఫోమ్, బ్రష్షు చాలు. డ్రైన్‌కు వేరే రంగు బ్రష్షు పెట్టి, దాన్ని ఇంకెక్కడా వాడకుండా చూడండి. పచ్చి వైపు నుంచి ట్రాలీ చక్రాలు, గమ్‌బూట్లు ఇటు రాకుండా చేయండి. ఫుట్ డిప్ ఉంది కదా అని ధైర్యపడకండి. పొద్దున పోసిన హైపోలో వందమంది బురద కాళ్లు ముంచాక సాయంత్రానికి అందులో క్లోరిన్ మిగలదు, బురద మిగులుతుంది.

ఒకచోట పాజిటివ్ వస్తే, అక్కడినుంచి పైకి, కిందికి, పక్కలకి స్వాబ్‌లు తీస్తూ పోండి. ఎక్కడ ఎక్కువ వస్తే అటు కదలండి. చివరికి ఒక భాగం దగ్గర ఆగుతారు. అమెరికా మాంసం పరిశ్రమలో ఈ పద్ధతిని సీక్ అండ్ డిస్ట్రాయ్ అంటారు. దొరికాక ఆ భాగాన్ని విప్పి చూస్తే చాలాసార్లు ముక్కుకే తెలిసిపోతుంది. నునుపు చెయ్యగలిగితే చేయండి, లేకపోతే పారేయండి. గుల్ల రోలర్ స్థానంలో నిండు రోలర్ వేయించండి. విప్పదీయగల చిన్న భాగాలను 80 డిగ్రీల వేడినీళ్లలో ముంచి ఉంచడం ఏ కెమికల్ కన్నా నమ్మకమైన పని, ఎందుకంటే వేడి సందుల్లోకి పోతుంది, కెమికల్ పోదు. విప్పలేని యంత్రమైతే టార్పాలిన్ కప్పి ఆవిరి పట్టించి, లోపలి భాగం కూడా వేడెక్కిందో లేదో థర్మామీటర్‌తో చూసుకుంటారు. మోటారు, బేరింగులు, ప్లాస్టిక్ భాగాలు తట్టుకుంటాయో లేదో ఫిట్టర్‌ని అడిగాకే అది చేయించండి.

ఇదంతా చేసేలోపు రోజువారీ క్లీనింగ్ సరిగా ఉందో చూడండి. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు, మురికి మీదే హైపో కొట్టడం. ముందు రొయ్య తునకలు ఏరి తీసేయాలి. తర్వాత చల్లటి లేదా గోరువెచ్చటి నీళ్లు. మొదటే మరిగే నీళ్లు పోస్తే రొయ్య ప్రొటీన్ స్టీలు మీదే ఉడికి అతుక్కుంటుంది. అప్పుడు మీరే పాచికి పునాది వేసినట్టు. ఆ తర్వాత క్షారం ఉన్న ఫోమ్ డిటర్జెంట్ పట్టించి, ఆరిపోకముందే బ్రష్షుతో రుద్దాలి. పాచిని విడదీసేది రుద్దడమే, హైపో కాదు. డెల్టాలో ఉప్పునీటి బోర్లు, గట్టి నీళ్లు వాడే చోట స్టీలు మీద తెల్లటి పెట్టు కడుతుంది, అది కూడా పాచికి మంచి ఇల్లు, కాబట్టి వారంలో ఒకసారి ఆమ్లంతో కడగాలి. కానీ ఆ ఆమ్లం, హైపో ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి. రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టే ప్లాంట్లు నేను చూశాను. ఆ డబ్బాలు ఈరోజే వేరు చేయించండి.

డిటర్జెంట్ పూర్తిగా కడిగాకే శానిటైజర్. క్వాట్ వాడితే ఇది మరీ ముఖ్యం. మిగిలిపోయిన మామూలు సబ్బు క్వాట్‌ను పనికిరాకుండా చేస్తుంది. "క్వాట్‌కి మారాం, పనిచేయలేదు" అన్నారు కదా, ఆ రోజుల్లో డిటర్జెంట్ సరిగా కడిగారో లేదో ఒకసారి గుర్తుచేసుకోండి.

హైపో అంకెల గురించి. 400 చేశామన్నారు, అది కలిపేటప్పుడు లెక్క. యంత్రం మీద పడేచోట ఎంతుంది? ఎండలో నిలబెట్టిన హైపో డ్రమ్ము రోజురోజుకీ బలం కోల్పోతుంది, మన కోస్తా ఎండల్లో మరీ త్వరగా. డ్రమ్ము మీద 10 శాతం అని రాసున్నా లోపల అంత ఉండకపోవచ్చు. వచ్చిన రోజు, తెరిచిన రోజు టైట్రేషన్ (బలం కొలిచే ల్యాబ్ పరీక్ష) చేయండి. కలిపిన ద్రావణాన్ని స్ట్రిప్‌తో చూడండి, మగ్గుల లెక్క మీద నమ్మకం పెట్టుకోకండి. ఇంకో ముఖ్యమైన సంగతి పీహెచ్, అంటే నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె. క్లోరిన్ చంపే శక్తి హైపోక్లోరస్ ఆమ్లం రూపంలో ఉన్నప్పుడే ఎక్కువ. పీహెచ్ 6.5 దగ్గర దాదాపు 90 శాతం ఆ రూపంలో ఉంటుంది, 7.5 దగ్గర సగం, 8.5కి చేరేసరికి పదో వంతు. హైపో స్వతహాగా క్షారం, ఎక్కువ కలిపితే నీళ్ల పీహెచ్ పెరుగుతుంది. అంటే మీరు 200ను 400 చేసినప్పుడు పీహెచ్ కూడా పైకి పోయి ఉంటే, చంపే రూపం రెట్టింపు కానేలేదు. కాగితం మీద పెరిగింది, బెల్టు మీద పెరగలేదు. పీహెచ్ తగ్గించడానికి ఎవరో చెప్పారని చేత్తో ఆమ్లం మాత్రం కలపకండి, కారణం పైన చెప్పాను.

400 వల్ల ఇంకో నష్టం. ఎక్కువ క్లోరిన్‌ను ఎక్కువసేపు ఉంచితే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద సూదిమొన అంత గుంటలు పడతాయి. ప్రతి గుంటా లిస్టీరియాకు కొత్త గది. అమెరికా నిబంధనల్లో తర్వాత కడగకుండా వదిలేసే ఉపరితలాలకు క్లోరిన్ పరిమితి 200 పీపీఎం. కాబట్టి మీ మొదటి అంకే సరైనది. అక్కడికే తిరిగి రండి. ఇంకో మందు వాడాలనే ఉంటే, లోపలి భాగాలు సరిచేశాక, పెరాసిటిక్ ఆమ్లం ఉన్నదాన్ని చూడండి. ప్రొటీన్ మురికి ఉన్నా అది క్లోరిన్ అంత త్వరగా ఖర్చవదు. వాసన ఘాటు, గాలి ఆడే చోట, గాగుల్స్ పెట్టుకుని వాడాలి. అప్పటికీ అది రుద్దడానికి బదులు కాదు.

కడిగి, శానిటైజ్ చేశాక ఆరనివ్వండి. ఉడికిన వైపు రాత్రంతా నేల తడిగా ఉండటం మన ప్లాంట్లలో మామూలు. ఫ్యాను పెట్టి ఆరబెట్టడానికి కాస్త కరెంటు ఖర్చవుతుంది, అంతే. తడి లేకపోతే బ్యాక్టీరియా పెరగదు.

వీలైతే ఒక పరీక్షకు డబ్బు పెట్టించండి. వేరువేరు నెలల్లో మీకు దొరికిన లిస్టీరియాను ల్యాబ్ పారేయకుండా దాచమనండి. వాటి మొత్తం జన్యుక్రమం చదివిస్తే, అన్నీ ఒకటే రకమైతే మీ ఇంట్లోనే కాపురముంది. వేరువేరు రకాలైతే పచ్చి రొయ్యతోనో, కాళ్లతోనో ప్రతిసారీ బయటినుంచి వస్తోంది. మొదటిదైతే ఫిట్టర్ పని, రెండోదైతే పచ్చి, ఉడికిన వైపుల మధ్య గోడ, దారుల పని. సప్లయర్ మాటకూ దీనితోనే జవాబు దొరుకుతుంది. క్వాట్‌ను తట్టుకునే జన్యువు మీ లిస్టీరియాలో ఉందో లేదో అదే రిపోర్టులో తేలిపోతుంది. ఆయన కూడా కాదనలేడు.

మేనేజర్ గారితో మాట్లాడేటప్పుడు రెసిస్టెన్స్ అన్న మాటే ఎత్తకండి. బెల్టు విప్పడానికి ఒక షిఫ్టు ఆగితే ఎంత నష్టం, ఒక కంటెయినర్ వెనక్కి వస్తే ఎంత నష్టం, ఈ రెండూ ఆయనకు బాగా తెలుసు, ఆయన ముందు పెట్టండి. స్వాబ్ తీసిన రోజు తయారైన సరుకును, పాజిటివ్ వచ్చిన బెల్టు మీదుగా పోయినదాన్ని ఫలితం తేలేదాకా పక్కన ఉంచమని రాతపూర్వకంగా చెప్పండి. ఆ కాగితం మీద మీ సంతకం ఉండాలి. మీ క్షేమం కోసం కూడా. స్వాబ్‌లు ఎక్కువ తీస్తే పాజిటివ్‌లు ఎక్కువ వస్తాయి, మొదటి నెలల్లో రిపోర్టు అధ్వానంగా కనిపిస్తుంది, అది ముందే చెప్పి ఉంచండి. లేకపోతే "నువ్వొచ్చాకే ఇన్ని పాజిటివ్‌లు" అంటారు.

ఇక పీలింగ్ ఆడవాళ్ల చేతులు. మీ ఉత్తరంలో చివర రాశారు గానీ, దీన్ని రేపే సరిచేయండి. చేతులు ముంచే నీళ్లలో హైపో ఎక్కువైతే చర్మం పగులుతుంది. పగిలిన చర్మం మీద స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా చేరుతుంది, అది రొయ్యకు పట్టి విషం తయారుచేస్తే, ఆ విషం మామూలు ఉడికింపుకు కూడా పోదు. లిస్టీరియా కోసం మొదలుపెట్టి ఇంకోదాన్ని తెచ్చుకున్నట్టవుతుంది. చేతి నీళ్లను మీ ప్లాంటులో ముందున్న తక్కువ మోతాదుకే తగ్గించి, తరచూ మార్పించండి. సబ్బుతో చేతులు కడుక్కోవడానికి కుళాయిలు సరిపడా ఉన్నాయో లేవో చూడండి. పుండ్లు పడినవాళ్లను మానేదాకా ఉడికిన రొయ్యను తాకని పనిలో వేయండి, ఆ రోజుల కూలి మాత్రం కోయించకండి. కోస్తారని తెలిస్తే పుండ్లు ఎవరూ చూపించరు.